ఇరవై మూడు కిలోలు

పద్దెనిమిదో బస్తా దింపేసరికి కట్టయ్య మెడ వెనక చెమటా కందిపొట్టూ కలిసి పిండిలా అంటుకున్నాయి. జనగామ మార్కెట్ యార్డులో పొద్దున ఎనిమిదయింది. ట్రాక్టరు మీద ఇంకా నలభై ఉన్నాయి. నడుము వంచి నిలబడితే పైనున్నవాళ్లు బస్తాను వీపు మీదికి జారుస్తారు. అది సరిగ్గా రెండు రెక్కల నడుమ కూర్చోవాలి. జానెడు అటు జరిగినా సాయంత్రానికి మెడ తిరగదు. ఇరవై ఆరేళ్లుగా బస్తాలు అక్కడే కూర్చుంటున్నాయి. ఆ చోట చర్మం కాయకట్టి, తడిపి ఆరేసిన తోలులా నల్లబడింది. మనిషి పొట్టి. బస్తాలు మోసి పొట్టివాడయ్యాడో, పొట్టివాడు గనకనే బస్తాలకు పనికొచ్చాడో ఎవరూ అడగలేదు. హమాలీ ఎత్తును ఎవడు కొలుస్తాడు?

కాంటా దగ్గర తూకం రాసుకునే దడువాయి సోమనర్సయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఎంతనే, కట్టన్నా?"

"యాభై ఒకటి. సంచి పోను."

బస్తా కాంటా మీద పడింది. ఎర్ర అంకెలు యాభై రెండు దగ్గర ఆగాయి. సోమనర్సయ్య గోనెసంచికి కిలో తీసేసి యాభై ఒకటి రాసుకున్నాడు. రోజూ ఉండే ఆటే గనక ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

యార్డులో కట్టయ్యకున్న పేరు అదొక్కటే. కరెంటు పోతే మిషన్ ఆగుతుంది గాని కట్టయ్య వీపు ఆగదంటారు. సంచి బరువును అతను వేరే లెక్కగట్టి తీసివేయడు. ఆ బరువు ఒంట్లోనే ఎక్కడో తరిగిపోయి, లోపలి సరుకెంతో అదొక్కటే నోటికొస్తుంది. ఏడో తరగతిలో లెక్కల సారు 'వీడికి ఎక్కాలు రావు, బర్రెలు కాయించుకోండి' అని ఇంటికి పంపించాడు. ఇంట్లో బర్రెలు కూడా లేవు. గొర్రెల మంద ఉండేది, అదీ రోగమొచ్చి పోయింది. తర్వాత యార్డు.

"అన్నా, ఇయ్యాల వదినె ఇమానమెక్కుతదట గదా," అన్నాడు ఐలేశ్, బస్తా దింపి నీళ్ల సీసా అందుకుంటూ. జతలో పనిచేసే హమాలీ, నోటికి తాళం లేనివాడు.

"సాయంత్రం బండికి హైదరాబాద్ పోతది. ఆడికెళ్లి ఇమానం."

"ఏ దేశమే అది?"

"ఫిన్లాండు."

"ఆడ కందులు పండుతయా?"

"మంచు పడుతదట."

"ఇంకేంది మరి. బస్తాలు లేని దేశంల నువ్వు ఒక్కపూట బతకవు. నిన్ను తోలుకపోకుంట మంచిపని చేసింది."

ట్రాక్టరు మీదివాళ్లు నవ్వారు. కట్టయ్యా నవ్వాడు. నవ్వకపోతే ఏమైందని అడుగుతారు.

కట్టయ్య భార్య విజయది మహబూబాబాద్ అవతల గూడూరు. పద్దెనిమిదేళ్లకు పది పాసై వచ్చింది. పెళ్లయిన మూడో నెల 'చదువుకుంట' అంది. కట్టయ్య ఎందుకు సరేనన్నాడో అతనికే తెలియదు. తనను బడి మానిపించినప్పుడు ఎవరూ అలా అడగనివ్వలేదు, బహుశా అందుకే. ఇంటర్ పరీక్షలకు సైకిల్ వెనక కూర్చోబెట్టుకొని సెంటరు పడ్డ దేవరుప్పుల దాకా తొక్కాడు. డిగ్రీ ఇంట్లో ఉండే చదివింది. బీఎడ్‌కు పుట్టింట్లో ఉండి మహబూబాబాద్ వెళ్లొచ్చింది. పిల్లలు పుట్టలేదు. ఇద్దరిలోనూ లోపం లేదని వరంగల్ దవాఖానలో చెప్పారు. ఒకరినొకరు తిట్టుకోవడానికి ఆ ఆధారం కూడా దొరకలేదు. తొమ్మిదేళ్ల కింద భూపాలపల్లి ఆడపిల్లల గురుకులంలో సైన్సు టీచరుగా ఉద్యోగమొచ్చింది. అప్పటినుంచి శనివారం సాయంత్రం రావడం, సోమవారం మొదటి బస్సుకు పోవడం.

శనివారం బస్టాండులో ఆమె చేతిలోంచి బ్యాగు అందుకోవడం కట్టయ్య వంతు. మొదటి ఏడాది తొమ్మిది కిలోలుండేది. వారం బట్టలు, దిద్దాల్సిన పేపర్లు, ఖాళీ డబ్బాలు, చీరల మడతల్లో భూపాలపల్లి బొగ్గు దుమ్ము. తర్వాత ఆమె అక్కడ బీరువా కొన్నది, బ్యాగు ఆరుకు దిగింది. కుక్కరు కొన్నది, డబ్బాలు రావడం మానేశాయి. పోయిన ఏడాది చేతిసంచితో బస్సు దిగింది. రెండు కిలోలు కూడా లేదు. వీపు లెక్క కట్టుకుంటూనే ఉంది. బస్తాకు చిల్లుపడితే గింజలు ఒక్కసారే పోవు. దారి పొడుగునా పోతాయి, దించాక గాని తెలియదు.

ఇప్పుడిక ఫిన్లాండు. రాష్ట్రం మొత్తం మీద పన్నెండు మంది టీచర్లను అక్కడి యూనివర్సిటీకి ఒక సెమిస్టర్ చదవడానికి ఎంపిక చేశారు.

"సెమిస్టర్ అంటె?" అని అడిగాడు ఆ రోజు.

"నాలుగున్నర నెలలు."

"అంటె ఒక పంట."

"ఆ, ఒక పంట అనుకో," అని ఆమె నవ్వింది.

మధ్యాహ్నం ఇంటికెళ్లేసరికి మంచం కనబడకుండా బట్టలున్నాయి. కింద నీలం రంగు సూట్‌కేసు నోరు తెరుచుకొని ఉంది. విజయ చీరకొంగు నడుముకు చెక్కుకొని, చేతిలో కాగితం పట్టుకొని నిలబడింది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు, సుద్ద తగిలి ఎండిన వేళ్లు. పెట్టె ఇరవై మూడు కిలోలు దాటకూడదని, తక్కువ సర్దుకోవాలని, కావలసినవన్నీ అక్కడే దొరుకుతాయని యూనివర్సిటీ వాళ్లు రాశారట.

కట్టయ్య గడపలో నిలబడి చూశాడు. కూడా వచ్చే టీచరు దగ్గర తీసుకున్న దొడ్డు కోటు. స్వెట్టర్లు మూడు. ఉన్ని మేజోళ్లు. రెండే చీరలు. సైన్సు పుస్తకాలు అయిదు. మందులు. దేవరుప్పుల నుంచి అతని తల్లి ఉప్పలమ్మ పంపిన టమాట పచ్చడి సీసా మాత్రం మంచం మీద లేదు. గూట్లో ఉంది.

"గిది ఎందుకు తీసినవ్?"

"కిలోన్నర ఉన్నది. జాగ సాలది."

"అవ్వ పొద్దంత కూసోని పెట్టింది."

"అవ్వతోని నేను మాట్లాడుకుంట తియ్. నువ్వు బువ్వ తిను."

తిన్నాడు. తింటూ మంచం మీదివి మళ్లీ మొదటినుంచి చూశాడు. ఈ ఇంటిది ఒక్కటి ఉందా అని. పెళ్లి ఫోటో అడగడు, అది పిల్లచేష్ట. ఒక చెంబో, ఒక దువ్వెనో, ఈ రెండు గదుల్లో పుట్టిన వస్తువు ఏదో ఒకటి. అలాంటిది ఉంటే ఆమె తిరిగి ఇక్కడికే వస్తుందని నమ్మొచ్చు. లేకపోతే జూన్‌లో విమానం దిగి, నేరుగా భూపాలపల్లి బస్సెక్కుతుంది. ఎక్కినా తప్పు పట్టడానికి ఏముంది? బీరువా అక్కడ, కుక్కరు అక్కడ.

"నువ్వు అట్ల నిలబడి సూస్తాంటె నాకు సర్దబుద్ధి అయితలేదు," అంది విజయ. "యార్డుకు పొయ్యి మూడున్నరకు రా. అప్పటిదాక మూసి పెడ్త. నువ్వు లేపి ఎంతున్నదో చెప్పు."

అతను ఎంగిలిచేయి కడుక్కొని వెళ్లిపోయాడు. యార్డులో వడ్ల బస్తాలు లారీకి ఎత్తుతుంటే, ఒక బస్తా వీపు మీద తప్పుగా పడింది. ఐలేశ్ అతని మొహం చూసి, బస్తా రెండో చివర పట్టి సర్దాడు.

మూడున్నరకు పెట్టె మూసి, తాళం వేసి ఉంది. మంచం ఖాళీగా ఉంది. కట్టయ్య చొక్కా విప్పి, వంగి, పెట్టెను రెండు రెక్కల నడుమకు తెచ్చుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఇరవై రెండున్నర."

"ఒక్కసారి యార్డు కాంటా మీద పెట్టి సూద్దామా?"

"ఊరంత నమ్ముతది. నీకు నమ్మకం లేదా?"

విజయ అతని మొహం వైపు చూసింది. "ఉన్నది తియ్. పా."

స్టేషన్ కిలోమీటరు లేదు. ఆటో వద్దన్నాడు. చక్రాలున్నాయి గదా గుంజుకుపోదామంటే, రోడ్డు మీద గుంజితే అవి అరుగుతాయన్నాడు. పెట్టెను వీపుకెత్తుకొని ముందు నడిచాడు, వెనక ఆమె చేతిసంచితో. అతనికి వీపంతా ఆమె బరువే ఉన్నట్టుంది. ఇంకో వెయ్యి అడుగులే ఉన్నాయనుకున్నాడు. స్టేషన్ మెట్లెక్కుతుండగా పెట్టె చక్రమొకటి చెవికి ఒత్తుకుంది. గోనెసంచి ఇట్లా గుచ్చదని విసుక్కున్నాడు. గోనె మెత్తగా ఉంటుంది, బరువూ కిలోయే. దీనికి ఇనుప కడ్డీ, నాలుగు చక్రాలు, గట్టి అట్ట. ఖాళీదే నాలుగు కిలోలకు తక్కువుండదు.

మూడో మెట్టు మీద ఆగిపోయాడు.

ఆ నాలుగు కిలోలూ ఒళ్లు ఎప్పుడో తీసేసింది. ఇరవై రెండున్నర అన్నది లోపలి సరుకు. పెట్టె పోను.

ఎవరికీ తెలియదు. చెప్పకుండా రైలెక్కించవచ్చు. విమానం దగ్గర కాంటా మీద ఇరవై ఆరున్నర చూపిస్తుంది, పదకొండు మంది టీచర్ల ముందు ఆమె పెట్టె విప్పుకొని కూర్చుంటుంది. 'ఎవరు తూచారు?' అని వాళ్లడుగుతారు. ఆమె ఏం చెబుతుంది? ఒక్క క్షణం ఇంకో ఆలోచన కూడా వచ్చింది. అక్కడే ఆపేస్తే? వెనక్కి పంపిస్తే? ఆ ఆలోచనకు అతనికే సిగ్గేసింది.

ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ మీద పెట్టె దించాడు.

"తప్పు చెప్పిన," అన్నాడు.

"ఏంది?"

"పెట్టె పోను చెప్పిన. ఇమానపోళ్లు సంచి తరుగు తియ్యరు గదా. మూడున్నర ఎక్కువున్నది."

విజయ అతని వైపు, పెట్టె వైపు చూసింది. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇరవై ఆరేండ్లల్ల ఇదే మొదటి తప్పా?"

"నాకు ఎర్కయింది ఇదొక్కటే."

బండికి ఇంకా పావుగంట ఉంది. ఆమె తాళం తీసింది, మూత ఎత్తలేదు.

"నువ్వు అటు తిరుగు."

"ఎందుకు?"

"తిరుగమన్న గదా."

అతను తిరగలేదు. ఆమె నిట్టూర్చి మూత ఎత్తింది. పైన కోటు. కోటు కింద స్వెట్టర్లు, పుస్తకాలు. వాటి అంచు ఎత్తి చూస్తే, పెట్టె అడుగు నిండా నల్లగా, చదునుగా మడిచినదొకటి పరిచి ఉంది. కళ్లకంటే ముందు ముక్కు గుర్తుపట్టింది. గొర్రె ఉన్ని వాసన. అతని తండ్రి మంద దగ్గర కప్పుకొని తిరిగిన గొంగడి. పెళ్లిలో ఇద్దరినీ దాని మీదే కూర్చోబెట్టారు. చలికాలం ఇద్దరికీ అదే దుప్పటి. చలి తగ్గిందని వారం కింద ఆమె మడిచి ట్రంకులో పెడితే, అక్కడే ఉందనుకున్నాడు.

"ఆడ చలి గదా," అంది విజయ, పెట్టెలోకే చూస్తూ. "పచ్చడి సీసా పెడితె ఇది పడ్తలేదు."

కట్టయ్య వేలితో గొంగడి అంచు తడిమాడు.

"పుస్తకాలు తీస్త," అందామె.

"పుస్తకాలు తీస్తె ఆడికి ఎందుకు పోతున్నట్టు?"

"కోటు తీస్త మరి."

"కోటు లేకుంటె సస్తవు."

మైకులో బండి వస్తోందని చెప్పారు. విజయ రెండు పుస్తకాలు తీసి చేతిలో పట్టుకుంది, మళ్లీ పెట్టింది. కట్టయ్య వంగి, పైనున్నవాటిని చెదరకుండా ఎడమచేత్తో ఎత్తి, కుడిచేత్తో గొంగడిని కిందినుంచి లాగాడు. ఆమె దాని అంచు పట్టుకుంది. కొంతసేపు వదల్లేదు. తర్వాత వదిలింది.

"ఎంతున్నది?" అని అడిగింది.

అతను రెండు చేతుల మీద పెట్టుకొని చూశాడు. "మూడు కిలోల ఆరు వందలు."

"సంచి పోనా?"

ఈసారి ఇద్దరూ నవ్వారు. బండి వచ్చి ఆగింది. కట్టయ్య గొంగడిని బెంచీ మీద పెట్టి, పెట్టెను లోపలికి ఎక్కించి, సీటు కింద తోసి దిగాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. ఏదో అంది గాని పక్కనున్న పిల్లవాడి ఏడుపులో వినబడలేదు. అతను విన్నట్టే తలూపాడు. బండి చప్పుడు లేకుండా కదిలింది. ఆమె చేయి కిటికీ ఊచల మీద కొంతదూరం కనిపించింది, తర్వాత ఊచలే కనిపించాయి, తర్వాత అవీ లేవు.

ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక కట్టయ్య వచ్చి బెంచీ మీద ఒక చివర కూర్చున్నాడు. రెండో చివర నల్లగొంగడి మడత విడకుండా, నాలుగు మూలలూ పదునుగా, అచ్చం ఆ పెట్టె కొలతకే ఉంది.