పిల్లను తెచ్చింది ఎవరు

"పిల్లను నీ యారాలికిస్తే నీ చేతులు ఖాళీ అయితయ్ గదనే, ఇంత ఆలోచనెందుకు?" అంది అత్త ఎలిజబెత్తమ్మ, గడపలో కూర్చుని వక్క కొరుకుతూ.

ఆ మాట అనే సమయానికి కోడలు సుకుమారి చేతులు మోచేతుల దాకా సున్నంలో ఉన్నాయి. వచ్చే ఆదివారం పిల్లకు బాప్తిస్మం. చుట్టాలొస్తారు కాబట్టి ముందు గోడ తెల్లగా ఉండాలి. మగవాళ్లు పనులకు వెళ్లారు కాబట్టి, వెళ్లకపోయినా ఆ పని చేసేవాళ్లు కాదు కాబట్టి, మూడు నెలల బాలింత నిచ్చెనెక్కింది. చేతులు ఖాళీ అవుతాయని వింటే ఆమెకు నవ్వొచ్చింది. బీరంగూడలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్లు. నీళ్లు తోడటం, పేడ ఎత్తటం, రెండు పూటలా ఇంటిల్లిపాదికీ వండటం, ఆదివారం పొద్దున్నే చర్చిలో చాపలు దులిపి పరవటం. ఈ నాలుగేళ్లలో ఆ చేతులు ఖాళీగా ఉన్నది ఒక్క ప్రార్థనలోనే, అప్పుడు కూడా జోడించి ఉంచాలి. ఇప్పుడు ఆ చేతుల్లోంచి తీసేసుకుంటామంటున్నది పనిని కాదు, పిల్లను.

ఆమె మొగుడు సత్యరాజు ఆ ఇంటి చిన్నకొడుకు. పక్కనే పెద్ద ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డింగ్ నేర్చుకున్నాడు. ఇక్కడ పని తగ్గాక, డెబ్భై రెండులో, ఆ కాంట్రాక్టరు వెంటే భిలాయి వెళ్లాడు. అప్పటికి సుకుమారికి రెండో నెల. మూడు ఉత్తరాలు రాశాడు. మూడోదాంట్లో అమ్మ మోకాళ్లకు మరిచిపోకుండా నూనె రాయమని ఉంది. ఆ తర్వాత ఉత్తరాలు లేవు. అతనితోపాటు వెళ్లి తిరిగొచ్చిన యాదన్న ఒకరోజు వాకిట్లో నిలబడి, చెప్పులు విడవకుండానే చెప్పాడు. "ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు వదినా. అన్న అక్కడ ఇంకొక ఇల్లు పెట్టిండు. ఇగ రాడు." అత్త కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, తిరిగి కోడలి మీదే పడింది. "నువ్వు జెర నవ్వుకుంట ఉంటే వాడెందుకు పోతడే?" వాడున్నది భిలాయిలో, నవ్వాల్సింది బీరంగూడలో. అంత దూరం వినిపించేలా ఎలా నవ్వాలో సుకుమారికి ఎవరూ నేర్పలేదు.

కడుపుతో ఉండగానే ఆమె పనిలో చేరింది. ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఆఫీసర్ల పిల్లల కోసం పెట్టిన బాలవాడిలో ఆయా. పద్నాలుగు మంది పిల్లలు, నాలుగైదు భాషలు. ఏ భాషలో ఏడ్చినా ఎత్తుకుంటే ఊరుకుంటారని ఆమె రెండు రోజుల్లో నేర్చుకుంది. పిల్ల పుట్టిన రెండు నెలలకే తిరిగి వెళ్లి, దాన్ని కూడా తెచ్చుకుంటానని పెద్ద టీచరమ్మను అడిగింది. "ఆయాలందరూ పిల్లల్ని తెచ్చుకుంటే ఇది సంత అవుతుంది, సుకుమారీ" అందామె, ఎంతో మర్యాదగా. అందుకని పిల్లను పగలంతా యారాలు, పెద్ద తోడికోడలు హన్నా చూసుకునేది. పదకొండు గంటలకు బాలవాడిలో ఎవరి పిల్లో ఆకలికి ఏడిస్తే సుకుమారి రవిక తడిసిపోయేది. టీచరమ్మ కళ్లతోనే కొంగు సవరించుకోమనేది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేది. తర్వాత కోపం వచ్చింది. పాలు వచ్చినందుకు సిగ్గుపడాలా? పాలున్న తల్లిని ఇక్కడ కూర్చోబెట్టి, ఆకలైన పిల్లను ఊరి అవతల ఉంచినవాళ్లకు లేని సిగ్గు తనకెందుకు?

పిల్లను హన్నాకు ఇచ్చేయాలన్న ఆలోచన మామ బర్నబాది. ఆయన చర్చి సంఘ పెద్ద. ఆయన నోట ఆలోచన అనేది ఉండదు, తీర్పే ఉంటుంది. పెద్దకొడుకు కృపానందానికి, హన్నాకు పెళ్లయి పదేళ్లయినా పిల్లలు లేరు. "ఆదివారం పెద్దోడు నిలబడతడు. పేరు వాడే పలుకుతడు. మా అమ్మ పేరు, మరియమ్మ. పుస్తకంల అమ్మ నాయినలుగ వాళ్లిద్దరి పేర్లు రాపిద్దాం. ఇంటి పిల్ల ఇంట్లనే ఉంటది. నిన్ను పాలియ్యద్దంటున్నమా? దానికి తండ్రి పేరొకటి దొరుకుతది, వీళ్ల పిల్లలు లేని బాధ తీరుతది" అన్నాడు, అన్నానికి కూర్చుంటూ. ఆ సమయానికి సుకుమారి గంజి వారుస్తోంది. గంజి వార్చే మనిషి మాట్లాడదు, మాట్లాడితే కాళ్లు కాలుతాయి. ఆ మౌనాన్ని ముసలాయన ఒప్పుకోలు అనుకున్నాడు. మర్నాడే వెళ్లి చర్చి పాస్టరు అయ్యగారికి, "కోడలు ఒప్పుకున్నది" అని చెప్పి వచ్చాడు.

వాళ్ల సంఘంలో బాప్తిస్మానికి ఒక పద్ధతుంది. తల్లి ఒళ్లోంచి పిల్లను తండ్రి తీసుకుంటాడు. రాతి తొట్టి దగ్గరికి వెళ్లి నిలబడతాడు. ఈ బిడ్డను తెచ్చినవారు ఎవరని పాస్టరు అయ్యగారు అడుగుతారు. నేను తెచ్చానని తండ్రి చెప్పి, అప్పటిదాకా బయట ఎవరికీ చెప్పని పేరు పైకి పలుకుతాడు. అయ్యగారు ఆ పేర్లన్నీ పెద్ద పుస్తకంలో రాస్తారు. ఊళ్లో పుట్టుకలు ఇంకెవరూ రాసిపెట్టని రోజులవి. రేపు బడిలో చేర్చాలన్నా, పెళ్లి చేయాలన్నా ఆ పుస్తకంలోంచి ఎత్తి రాసిచ్చిన కాగితమే ఆధారం. అందులో ఎవరి పేరుంటే వాళ్లే అమ్మానాన్నలు. కన్నామని తర్వాత ఎంత అరిచినా పుస్తకం వినదు.

నిజం చెప్పాలంటే సుకుమారి ఊగిసలాడింది. రెండు రోజులు తల పగిలేలా ఆలోచించింది. ఇస్తే తప్పేముంది? మొగుడు వదిలేసినదాని పిల్ల అని ఎవరూ అనరు. కృపానందం బావ మెత్తటి మనిషి, ఫ్యాక్టరీలో పర్మనెంటు నౌకరి, తాగడు. హన్నక్క పిల్లను ప్రాణంగా చూస్తుంది. తను ఎలాగూ పొద్దంతా ఊరి పిల్లలకు ముక్కులు తుడుస్తూనే ఉంటుంది. ఒకే కప్పు కింద ఉంటారు కదా, పోయేదేముంది? ఇలా తనకు తాను నచ్చచెప్పుకుని, ఇక సరే అనుకునేంత దాకా వచ్చింది. ఆ సాయంత్రం పని నుంచి రాగానే పిల్ల ఏడుపు వినిపించింది. అత్త దాన్ని ఒళ్లో ఊపుతూ, ముద్దుగా, ఏ దురుద్దేశమూ లేకుండా, "ఏడువకు బిడ్డా, అగో, మీ చిన్నమ్మొచ్చింది. చిన్నమ్మ పాలిస్తది" అంది.

సుకుమారి చెప్పులు విడుస్తూ ఆగిపోయింది. పోయేది ఏమిటో అప్పుడు తెలిసింది. తన పిల్ల తన రొమ్ము పట్టుకుని తాగుతూ, నోరు తిరిగిన రోజున, చిన్నమ్మా అని పిలుస్తుంది. ఇంట్లో అందరూ దాన్ని మెచ్చుకుంటారు. తను నవ్వుతూ పలకాలి. ఆ నాలుగేళ్లలో ఆమె చాలా మింగింది గానీ, ఈ మాట మాత్రం గొంతు దిగలేదు. పిల్లను గబుక్కున లాక్కుంది. "చిన్నమ్మ కాదత్తమ్మా, అమ్మ" అంది. "ఇప్పుడేమన్నా తప్పంటినా?" అని అత్త విస్తుపోయింది.

శనివారం యారాళ్లిద్దరూ విందుకు మసాలా నూరుతున్నారు. నలభై మందికి బగారన్నం, యాటకూర. సన్నికల్లు మీద హన్నా చేతులు ఆడుతున్నాయి గానీ కళ్లు పక్కన పడుకోబెట్టిన పిల్ల మీదే ఉన్నాయి. సుకుమారి ఉండబట్టలేక అడిగింది.

"అక్కా, నీకు గావాల్నా నా బిడ్డ?"

హన్నా చెయ్యి ఆపలేదు. అల్లం ముద్ద మెత్తబడిపోయినా ఇంకా నూరుతూనే ఉంది. "గావాలె" అంది చివరికి. "అబద్ధమెందుకు. పదేండ్ల సంది ఎవరింట్ల తొట్టెల కట్టినా నన్ను వెనక నిలబెడుతున్నరు. ఈ బిడ్డను ఎత్తుకుని ముందట నడవాలని నాకుండదా? నాకిస్తుంటే నేను వద్దన్లేను సుకుమారీ. నాకంత బలం లేదు. గందుకని నువ్వే అడ్డం పడు. నేనేమనుకోను."

"నువ్వు ఏడుస్తవు గదక్కా."

"ఏడుస్త. ఏడిసి లేస్త. నీ దగ్గర దొంగిలిచ్చినట్టు పెంచేకంటే పెద్దమ్మగ పెంచుడే నాకు నిమ్మళం."

ఇద్దరి కళ్లూ ఉల్లిగడ్డల మీద నెపం పెట్టుకుని కారాయి.

ఆదివారం చర్చి నిండింది. ఎడమ వైపు చాపల మీద ఆడవాళ్లు, కుడి వైపు మగవాళ్లు. సంఘ పెద్దగా తొట్టిలో నీళ్లు పోయడం బర్నబా వంతు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ వేసుకుని, గోరువెచ్చని నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డాడు. పాట అయింది. అయ్యగారు పిలిచారు. మగవాళ్ల వైపు నుంచి కృపానందం లేచి వచ్చాడు. ఇటు నుంచి హన్నా పిల్లను అందుకుని లేవాలి. ఆమె కదల్లేదు. రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని, తల వంచుకుని కూర్చుంది. సుకుమారి లేచింది. తొట్టి పది అడుగుల దూరమే గానీ, ప్రతి వారం తను తుడిచే ఆ నేల ఆ రోజు ఎంతకీ తరగలేదు. పురిటి మంచం మీద కూడా ఇంత భయపడలేదనుకుంది. పిల్ల మాత్రం హాయిగా నిద్రపోతోంది.

అయ్యగారు ఆమెనూ, పక్కన ఖాళీ చేతులతో నిలబడ్డ కృపానందాన్నీ చూసి తడబడ్డారు. అయినా అలవాటు కొద్దీ అడిగారు. "ఈ బిడ్డను దేవుని సన్నిధికి తెచ్చినవారు ఎవరు?"

"నేను తెచ్చిన అయ్యగారూ. తల్లిని."

బర్నబా గొంతు సవరించుకున్నాడు. "సుకుమారీ, పిల్లను బావకిచ్చి కూసో."

"ఇయ్య మామా."

ఆ ఒక్క మాట పైకప్పు దాకా వినిపించింది. అయ్యగారు నొచ్చుకున్నారు. "ఒప్పుకున్నవని చెప్పిన్రు గదమ్మా?"

"నన్నెవరడిగిన్రు అయ్యగారూ?"

అయ్యగారు బర్నబా వైపు చూశారు. బర్నబా చెంబు వైపు చూశాడు. అయ్యగారే నిదానంగా అన్నారు. "తల్లి ఒక్కతే వచ్చి నిలబడుడు మన సంఘంల ఇప్పటిదాంక లేదు. నేను కాదంటలేను. సంఘం నుంచి ఇద్దరు సాక్షులు నిలబడాలె. ఎవరన్న ఉన్నరా?"

మగవాళ్లంతా ఒక్కసారిగా కిటికీల్లోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. సంఘ పెద్దను కాదని ఎవరు లేస్తారు? సుకుమారికి పిల్ల బరువు అప్పుడు తెలిసింది. ఎవరూ లేవకపోతే ఏమిటి? పేరు లేకుండానే ఇంటికి తీసుకెళుతుంది. అయినా ఇవ్వదు. అలా అనుకున్న మరుక్షణం భయం వదిలింది.

ఆడవాళ్ల వైపు ఎవరిదో మోకాలు టప్పుమన్న చప్పుడైంది. మంత్రసాని సోమమ్మ నేలకు చెయ్యానించి లేస్తోంది. ఆ చర్చిలో సగం మంది ఆమె చేతుల మీద పుట్టినవాళ్లే.

"నేనుంట సాక్ష్యం" అంది. "ఇది పుట్టిన్నాడు ఆ ఇంట్ల ఒక్క మగపురుగు లేదు. పెద్దమనిషి సంగారెడ్డికి మీటింగుకు పోయిండు. పెద్దోడు డ్యూటీకి పోయిండు. చిన్నోని సంగతి మీకు ఎరుకే. ఎనిమిది గంటలు నొప్పులు పడ్డది ఈ పిల్లనే. ఎవరు తెచ్చిన్రని అడిగితే నాకు తెల్వకుంటే ఇంకెవరికి తెలుస్తది అయ్యగారూ?"

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు చాపల మీదుగా పాకింది. దాని మధ్యలోంచి హన్నా లేచింది. పదేళ్లుగా వెనక నిలబడ్డ మనిషి నేరుగా ముందుకు నడిచి వచ్చి, సుకుమారి భుజానికి భుజం ఆనించి నిలబడింది. ముఖం తడిగా ఉంది, గొంతు మాత్రం గట్టిగా ఉంది. "రెండో సాక్షిని నేను. పెద్దమ్మను."

కృపానందం హమ్మయ్య అన్నట్టు వెళ్లి తన చోట కూర్చున్నాడు. పాపం, ఆయన్ను మాత్రం ఎవరడిగారు? ఇక మిగిలింది బర్నబా, ఆయన చేతిలో చెంబు. పోయకపోతే బాప్తిస్మం లేదు. పోస్తే మాట పోతుంది. సంఘమంతా ఆయన్నే చూస్తోంది. పిల్ల అప్పుడే నిద్రలేచి, తాత ముఖం చూసి, ఊ అంది.

"నీళ్లు సల్లారుతున్నయ్ బర్నబా, పోయరాదు" అంది సోమమ్మ.

ముసలాయన పోశాడు. ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

"బిడ్డ పేరు?" అని అడిగారు అయ్యగారు.

"ప్రసన్న" అంది సుకుమారి. ఆ పేరు ఆమె ఐదో నెల నుంచి లోపల్లోపలే పిలుచుకుంటోంది. పైకి పలకగానే గుండెలో గట్టు తెగినట్టయింది. ఇంత సంతోషం తనకు పడుతుందా అని కూడా అనిపించింది. పడుతుంది, ఎందుకు పట్టదు అనుకుంది.

ఆరాధన అయ్యాక అయ్యగారు బల్ల మీద పుస్తకం తెరిచి, సిరాలో కలం ముంచారు. తల్లి పేరు దగ్గర సుకుమారి అని రాశారు. తండ్రి పేరు దగ్గర కలం ఆగిపోయింది. "ఇదొక్కటి ఖాళీగ ఇడిసిపెట్టాల్నా అమ్మా?" అన్నారు జాలిగా.

"ఖాళీ ఎందుకు అయ్యగారూ? దానికి తండ్రి ఉన్నడు. సత్యరాజు అని రాయుండ్రి. పోయింది ఆయన, తప్పు ఆయనది. నా బిడ్డ కాగితంల అబద్ధం ఎందుకుండాలె?"

అయ్యగారు రాశారు. పక్కనే నిలబడ్డ బర్నబాకు అప్పుడు కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. కొడుకు పేరు తడి సిరాలో చూసి కోడలి వైపు తిరిగాడు. "రేపు పెద్దగై నాయినేడి అని అడిగితే ఏం చెప్తవ్ బిడ్డా?"

సుకుమారి పిల్లను భుజం మార్చుకుంది.

"నేను చెప్పుడెందుకు మామా? చదువు చెప్పిస్త. ఎవరు పోయిండ్రో, ఎవరున్నరో అదే చదువుకుంటది."