మూడో ఈల

నలభై మంది చూస్తుండగా, పట్టపగలు, ఐదో అంతస్తు పరంజా విరిగి తిరుపతి కిందపడి చచ్చిపోయాడు. కంట్రాక్టరు మనుషులు శవాన్ని సిమెంటు లారీలో వేసుకుపోయి కొండాపూర్ రోడ్డు పక్కన పడేశారు. ఏదో బండి గుద్దిందని పోలీసులతో కాగితం రాయించారు. నడుముకు బెల్టు ఇవ్వని పాపం అట్లా మాయమైపోయింది. తమ్ముడు పనిలోనే చచ్చాడని రాసేదాకా గేటు తెరవనివ్వనని అక్క చంద్రమ్మ మాదాపూర్‌లోని ఇంకా కడుతున్న ఆ అద్దాల మేడ ముందు కూర్చుంది. వెనకే మూడు వందల మంది కూలీలు కూర్చున్నారు. తొంభై ఎనిమిది ఎండాకాలమది.

వాళ్లను ఒక్కతాటి మీదికి తెచ్చినవాడు మేస్త్రీ బాలనర్సయ్య. పద్దెనిమిదేళ్లు మిలిటరీలో చేసొచ్చాడు. ఫౌజులో హుకుం ఒక్కడిదేనని, పదిమంది పది మాటలంటే ఓడిపోతామని చెప్పాడు. ఒక ఈలకు కూర్చోవాలి, రెండింటికి లేవాలి, మూడింటికి జాగా వదిలి వెనక్కి పోవాలి. లడాయిలో తన మేజరు అందరికన్నా ముందు కొండెక్కిన సంగతి అతను చెబుతుంటే చంద్రమ్మ కళ్లార్పకుండా విన్నది. అందరూ ఆ ఈలను గుడ్డిగా నమ్మారు. ఎందుకని అడగడమే మరిచిపోయారు.

మూడోనాడు కంట్రాక్టరు మనుషులు బాలనర్సయ్యను మాటలకని లోపలికి పిలిచారు. గంట తర్వాత బయటికొచ్చి మూడు ఈలలు ఊదాడు. చెబితే నమ్మరుగానీ, ఒక్కరూ నోరు విప్పకుండా లేచి కొత్తగూడ మలుపు దాకా నడిచారు. తిరిగి చూస్తే గేటు బార్లా తెరిచి ఉంది, కంకర లారీలు లోపలికి పోతున్నాయి. మర్నాటికి బాలనర్సయ్య అదే గేటు దగ్గర సెక్యూరిటీ ఆఫీసరు బట్టల్లో నిలబడ్డాడు. తమ్ముణ్ణి రెండోసారి చంపినట్టనిపించింది చంద్రమ్మకు.

ఆ పొద్దున గుడిసెల దగ్గర మీటింగంతా తిట్లే. ఇంకో ఈల కొని తమలోనే ఒకడైన కూలీ మల్లయ్యకిద్దామన్నారు కొందరు. చంద్రమ్మ లేచి నిలబడింది.

"గా ఈల వాని నోట్ల పెట్టింది మనమే. వాని మేజరు ముందుగాల నడిచిండంట. ఈడు ఒక్కనాడన్న మన ముందల నడిచిండా? ఇగ ఏది చేసినా అందరం మాట్లాడుకున్నంకనే చేద్దం."

మధ్యాహ్నం దాకా కొట్లాడుకున్నారు. చివరికి ఒక్కమాట మీద నిలిచారు. కాగితం మారేదాకా ఎవరు చెప్పినా లేవొద్దు.

సాయంత్రానికి మళ్లీ గేటు ముందు కూర్చున్నారు. బాలనర్సయ్య పోలీసుల వెనక నిలబడి మూడు ఈలలు ఊదాడు. ఎవరూ కదల్లేదు. బుగ్గలు ఉబ్బేలా మళ్లీ ఊదాడు. పోలీసులు చంద్రమ్మను జుట్టు పట్టి ఈడ్చి వ్యాను ఎక్కించారు. ఆమె జాగాలోకి వెనక వరసలోని కూలీ రాజరాజేశ్వరి జరిగింది. ఆమెనూ ఎక్కించారు. మల్లయ్య జరిగాడు.

వ్యాను నిండిపోయింది. ముందు వరస ఖాళీ కాలేదు.