నాలుగో మూల

గుద్రూన్‌కు మతి తప్పుతోందని మొదట అన్నది పక్కింటి ఎల్ఫ్రీడ. తానే అన్నానని మాత్రం ఒప్పుకోదు. రొట్టెల కొట్టావిడ అంటుంటే విన్నానంటుంది. కొట్టావిడను అడిగితే, పాస్టర్ గారింట్లో వంట చేసే మనిషి చెప్పిందంటుంది. ఎవరి నోట పుట్టిందో గాని ఆ మాట మంచులో పడుతూ లేస్తూ ఊరంతా తిరిగి, చివరికి గుద్రూన్ ఆడపడుచు రోజెల్ ఇంటి గుమ్మం ఎక్కింది.

కొత్త పాటను మీ వదిన రెండోసారి వెయ్యమందట, నిజమేనా అని అడిగిందట ఎల్ఫ్రీడ, ఎవరో పోయారన్న కబురు చెప్పేటంత మెల్లగా.

ఆ కొండల్లో అది చిన్న విషయం కాదు. పండగకు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ, మధ్యాహ్నం కాఫీ, ష్టొలెన్ అనే పండగ రొట్టె ముక్కలు అయ్యాక, చర్చి పక్క హాల్లో దీపాలు ఆర్పి, కొవ్వొత్తులు వెలిగించి, రికార్డుల మీద క్రిస్మస్ సంగీతం వింటారు. వినడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. గనులు మూతపడ్డాక ఆ ఊరికి మిగిలిన పనితనం పాట ఒక్కటే. కూర్చున్న ప్రతివాళ్లూ ఏదో ఒక గొంతు పాడేవాళ్లే. రికార్డు ఆగాక ఎవరు శ్రుతి దించారో, ఎవరు తొందరపడ్డారో తేలిస్తే గాని కుర్చీల్లోంచి లేవరు. ఆ తేల్చడంలో చివరి మాట ఎప్పుడూ గుద్రూన్‌దే.

చర్చిలో ఆర్గాన్ వాయించి ఊరికి పాట నేర్పే మనిషిని అక్కడ కాంటర్ అంటారు. ఈ కాంటర్ ఫోల్క్‌మార్ మైదానం నుంచి వచ్చి ఎంతో కాలం కాలేదు. పండగ దగ్గరపడే కొద్దీ మనం వెనక్కి నడుద్దాం అని ఈ ఏడు వరస తిరగేశాడు. మొదటి ఆదివారం నిన్నమొన్నటి సంగీతం, చివరి ఆదివారం అన్నిటికన్నా పాతది. అలా మొదటి ఆదివారం వేసిన పాటలో మగవాళ్లు మాటలు లేకుండా గొంతుల అడుగున గుయ్యిమంటూ ఉంటే, ఒక స్వరం పక్కన ఇంకో స్వరం పొసగక రాసుకుంటూ ఉంది. సగం మంది పైకప్పు చూశారు. ఇలాంటి పాటలను కడుపునొప్పి పాటలని జన్మంతా తిట్టిన గుద్రూన్ చెయ్యెత్తి, ఇంకోసారి వెయ్యమంది.

రోజెల్ ఆ మాట విన్న సాయంత్రమే వదిన ఇంటికి వెళ్లింది. గుద్రూన్ కిటికీలో కొయ్య కమాను పెట్టి దాని మీద కొవ్వొత్తులు గుచ్చుతోంది. రోజెల్ వెనక నుంచి పలకరించలేదు. చుట్టూ తిరిగి ఆమె ఎదటికి వచ్చి నిలబడ్డాకే నోరు విప్పింది.

"వదినా, ఊళ్లో నీ మాటే. కాంటర్‌ని కాకా పడుతున్నావట. కాకపోతే మతి పోయిందట. ఎల్ఫ్రీడ రెండూ అంటోంది."

"రెండూ నాకే ఎందుకు? ఒకటి తనను ఉంచుకోమను."

రోజెల్ నవ్వింది గాని ఆ నవ్వు నిలబడలేదు. ఎందుకు రెండోసారి వెయ్యమందో ఆమెకు తెలుసు. తెలుసని గుద్రూన్‌కూ తెలుసు. ఆ ఒక్క సంగతి మాత్రం ఇద్దరూ ఎన్నడూ పైకి అనుకోలేదు.

గుద్రూన్ చెవికి ముందు పిట్టలు పోయాయి. తర్వాత కెటిల్ ఈల పోయింది. తర్వాత ఆడపిల్లల మాటలు, ఆ తర్వాత ఆడవాళ్ల పాట. కింది గొంతులు మాత్రం గోడ అవతల బండి నడుస్తున్నట్టు ఇంకా అందుతూ ఉన్నాయి. డాక్టరిచ్చిన చెవి మిషన్ సొరుగులో ఉంది. అది పెట్టుకుంటే మాట కొంత తెలిసేది. పాట మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుండేది. అలాంటి చెవిలోకి ఆ ఆదివారం, ఎన్నాళ్లకో, ఎక్కడా చిల్లి లేకుండా ఒక పాట మొత్తంగా వచ్చింది. అది మంచి పాటో కాదో ఆమె చూసుకోలేదు. ఆకలిగా ఉన్నవాళ్లు ఉప్పు సరిపోయిందా అని అడగరు కదా.

చెవి సంగతి ఊరికి చెప్పుకుంటే పోయేదేముంది అంటే, నాలుగో మూల పోతుంది.

క్రిస్మస్ నాడు ఇంకా తెల్లవారకముందే ఆ చర్చిలో ఒక పాట పాడతారు. నాలుగు వందల ఏళ్లనాటిది. నాలుగు మూలల్లో నాలుగు గుంపులు నిలబడి తలా ఒక వరస అందుకుంటారు. మొదటి మూల మగవాళ్లది, రెండోది ఆడవాళ్లది, మూడోది బడిపిల్లలది. నాలుగోది పైన, ఒకప్పుడు గనివాళ్లు కూర్చునే మేడ మీద. ఆర్గాన్ పెట్టె అడ్డం కాబట్టి అక్కడి నుంచి కాంటర్ చెయ్యి కనపడదు, మిగతా మూలలూ కనపడవు. పిల్లల చివరి అక్షరం చెవిన పడి, ఆరిపోయిన మరుక్షణం, ఒక గొంతు ఒంటరిగా ఎత్తుకోవాలి. మిగిలినవాళ్లు ఆ గొంతు పట్టుకుని వెళతారు. ఆ ఎత్తుకునే గొంతు అత్తగారి నుంచి గుద్రూన్‌కు వచ్చింది. మేడ మీది చోటు ఒకసారి వదిలి దిగినవాళ్లు మళ్లీ ఎక్కరు, అది అక్కడి మర్యాద. గడిచిన రెండు పండగలకూ పిల్లల వరస ఆగే వేళకు పక్కన నిలబడ్డ రోజెల్ వేలు గుద్రూన్ మోచేతిని మెత్తగా నొక్కింది. గుద్రూన్ ఎత్తుకుంది. ఆ నొక్కు గురించి ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు.

రెండో ఆదివారం తాతముత్తాతల కాలపు పెద్ద బృందగానం వేశారు. తీగ వాద్యాల్లో బొంగురువి అందాయి, మగవాళ్లు అందారు. పైన ఎగిరే ఆడగొంతులు లేక అది కప్పు లేచిపోయిన ఇల్లులా ఉంది. మూడో ఆదివారం ఇంకా వెనక్కి, బాకాల కాలానికి వెళ్లారు. ఆమెకు బాకాలు లేవు, నగారా ఉంది. ఎవరింట్లోనో గొప్ప వేడుక జరుగుతుంటే గోడ బయట నిలబడ్డట్టు అనిపించింది. ఎదటి మొహాలను చూస్తూ, వాళ్లు కళ్లు మూస్తే తానూ మూసి, చివర్లో నగారా వాడు గట్టివాడు అని తీర్పు చెప్పింది. ఎవరూ కాదనలేదు.

నాలుగో ఆదివారం వాళ్ల సొంత పాటే. పట్నంలోని మగపిల్లల బృందం నాలుగు మూలల్లో నిలబడి పాడిన రికార్డు. ఆ రోజు గుద్రూన్ ఎవరి మొహమూ చూడలేదు. వినపడనక్కర్లేని పాట అది. కాంటర్ ముల్లు దించడం చూసి, కళ్లు మూసుకుని, మోకాలి మీద వేలు పెట్టుకుంది.

మొదటి మూల ముగిసీ ముగియకముందే, బయట మంచు బరువుకు ఎక్కడో కరెంటు తీగ తెగింది. పాట ఒక్కసారి బరువెక్కి, మూలిగి, ఆగిపోయింది. గదిలో ఉన్నవి కొవ్వొత్తులే కాబట్టి వెలుతురు మారలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. కాంటర్ ఏదో చెప్పబోతూ లేచి, గుద్రూన్‌ను చూసి అలాగే నిలబడిపోయాడు.

ఆమె వేలు ఆగలేదు. రెండో మూల వరస మోకాలి మీద నడుస్తోంది. మూడో మూలకు వచ్చేటప్పటికి తల కొద్దిగా ఎడమకు తిరిగింది, చర్చిలో పిల్లలు నిలబడే వైపుకు. నాలుగో మూలకు ఆమె ఊపిరి తీసుకోవడం అందరికీ వినపడింది. పెదాలు కదిలాయి. చరణం తర్వాత చరణం, ఆ గదిలో లేని పాటను ఆమె చివరిదాకా విన్నది. కుర్చీ కిర్రుమంటుందేమోనని ఎవరూ కదల్లేదు. ఎల్ఫ్రీడ చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.

గుద్రూన్ కళ్లు తెరిచింది. అలవాటు ప్రకారం అందరూ తన మాట కోసం చూస్తున్నారనుకుంది.

"బాగా పాడారు," అంది. "మూడో మూల కాస్త తొందరపడింది."

కాంటర్ కళ్లు రికార్డు మీదికి పోయాయి. అప్పుడు ఆమె రికార్డు వైపు చూసింది. పాట మొదట్లోనే, ముల్లు అంచు దగ్గరే నిలిచి ఉంది. దాన్ని కొంచెంసేపు చూసి, లేచి, కోటు తొడుక్కుంది. రోజెల్ వెంట పరుగెత్తింది.

మర్నాడు కాంటర్ గుద్రూన్ ఇంటికి వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికి వచ్చి, రోజెల్ ఇచ్చిన కాఫీ తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. చేతగాని మంచితనం మనిషి. మాటలు సాగదీసి, నోరు పెద్దది చేసి, ఎంతో గౌరవంగా చెప్పాడు. ఈ ఏడు రోజెల్ ఎత్తుకుంటుంది. గుద్రూన్ గారికి కింద మొదటి వరసలో కుర్చీ వేయిస్తాడు. అక్కడైతే పాట చాలా బాగా, అని అక్కడ ఆగిపోయాడు.

"చాలా బాగా?" అంది గుద్రూన్.

అతను కాఫీ వైపు చూశాడు. రోజెల్ అందుకుని, నేను ఎత్తుకోను, నాకు రాదు, నన్ను అడగొద్దు అని గట్టిగా అంది.

గుద్రూన్ ఇద్దరినీ ఆపింది. ఈ ఒక్క ఏడూ తనే ఎత్తుకుంటానంది. సరిగ్గా పడితే ఈ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదంది.

"తప్పితే మాత్రం నాకు తెలియదు. మీరే చెప్పాలి కాంటర్ గారూ. ఉన్నదున్నట్టు చెప్పండి. దిగి వచ్చేస్తాను, మళ్లీ ఎక్కను."

అతను సరేనన్నాడు. ఆమె చెయ్యి చాపితే చేతిలో చెయ్యి వేశాడు.

అతను వెళ్లాక గుద్రూన్ కప్పులు తీస్తూ ఆడపడుచు మొహం వైపు చూడకుండా అంది.

"ఈసారి నా మోచెయ్యి ముట్టుకోకు రోజెల్."

పండగ రోజు తెల్లవారుజామున చర్చి నిండిపోయింది. మేడ మెట్లు ఎక్కుతుంటే మోకాళ్లు నొప్పెట్టినా, పైకి చేరాక ఆమెకు ఒళ్లు తేలికైంది. ఆ చెక్క కటకటాలు, కింద వందల కొవ్వొత్తులు, మంచుతో తడిసిన ఉన్ని కోట్ల వాసన. అన్నీ వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి. ఆర్గాన్ నిలిచింది. అరికాళ్ల కింద చెక్క వణకడం మానేసింది.

మొదటి మూల మగవాళ్లది. గోడ అవతలి బండిలా వచ్చింది, వెళ్లింది. ఆ వేగాన్ని ఆమె పట్టుకుంది. ఇక అక్కడి నుంచి అంతా తలలోనే. ఆడవాళ్లు పాడారు. పిల్లలు అందుకున్నారు. ఆ పిల్లల్లో తాను ఉంది, రోజెల్ ఉంది, గనిలో పోయిన తన భర్త, రోజెల్ అన్నయ్య, ఉన్నాడు. వాళ్లు చివరి అక్షరం పాడారు. అది ఆరింది. గుద్రూన్ ఊపిరి తీసుకుని ఎత్తుకుంది.

ఈ ఏడు కాంటర్ పిల్లలకు మాట స్పష్టంగా రావాలని పాట నెమ్మది చేసి నేర్పాడని ఆమెకు తెలియదు. బళ్లో జరిగిన సాధన ఎవరు విన్నారు? పిల్లలు ఇంకా వరస మధ్యలో ఉన్నారు. మేడ మీది వాళ్లందరికీ అది వినపడుతూనే ఉంది. అయినా గుద్రూన్ గొంతు లేవగానే మొత్తం మూల దాని వెంట లేచింది. ఏళ్ల తరబడి వాళ్లు విన్నది కింది పిల్లలను కాదు, ఆమెను. రోజెల్ చెయ్యి ఆమె మోచేతి దాకా వచ్చి, తాకకుండా వెనక్కి పోయింది. ఆ తర్వాత రోజెల్ కూడా ఆమెతో కలిసి ఆ తప్పే పాడింది.

కింద రెండు మూలలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పిల్లల్లో కొందరు బెదిరి ఆగిపోయారు, కొందరు ఏడుపు గొంతుతో లాక్కుపోయారు. కాంటర్ ఆర్గాన్ అందుకుని అందరినీ ఒక చోటికి చేర్చేసరికి చరణం అయిపోయింది.

గుద్రూన్ కళ్లు తెరిచింది. కటకటాల మీంచి కిందికి చూసింది. బల్లల వరసల్లో మొహాలన్నీ పైకి తిరిగి ఉన్నాయి. ఆ పాట జరుగుతుండగా ఆ చర్చిలో తలతిప్పి చూసినవాళ్లను ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మిగిలిన చరణాలకు ఆమె నోరు విప్పలేదు. రోజెల్ ఎత్తుకుంది, రాదన్న మనిషి.

ప్రార్థన అయ్యాక జనం తలుపు బయట మంచులో గుంపుగా నిలబడి పండగ శుభాకాంక్షలు చెప్పుకుంటున్నారు. గుద్రూన్ మెట్లు దిగి, రోజెల్ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసరికి మాటలు తగ్గాయి. కాంటర్ కోటైనా తొడుక్కోకుండా పరుగున వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. ఆమె అతని పెదాల వైపే చూస్తోంది.

"చాలా బాగా వచ్చిందమ్మా," అన్నాడు నోరు పెద్దది చేసి. "ఎక్కడా తేడా లేదు. వచ్చే ఏడూ మీరే ఎత్తుకోవాలి."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఔను, ఎప్పటిలాగే ఉంది అంది ఎల్ఫ్రీడ, అందరికన్నా ముందుకు వచ్చి.

గుద్రూన్ అతని చేతుల్లోంచి తన చేతులు తీసుకుంది.

"చెవుడొచ్చింది నాకు కాంటర్ గారూ. మీకు కాదు."