అట్టముక్కల తామర

నానిన పాత పేపర్లలో మెంతులు కలిపి మెత్తగా రుబ్బుతోంది నాగదుర్గ. రేకులా కత్తిరించిన అట్టముక్కను గరిటె వీపు మీద వంచి, ఆ గుజ్జు పూసి ఎండబెడితే అచ్చం పూరేకులాగే వంపు తిరుగుతుంది. ధవళేశ్వరంలోని ఆ వీధిలో ఆమె చేసిన పువ్వు లేని ఇల్లు తక్కువ.

"కడియం పూలతోటలు పక్కనే పెట్టుకుని కాగితం పువ్వులేంటే? మావాడు నర్సరీలో పొద్దస్తమానం మొక్కలు మోసి చస్తుంటే, నువ్వు అట్టపెట్టెలకి నీళ్లు పోస్తన్నావు" అంది అత్త అప్పాయమ్మ.

"ఇవి వాడిపోవు కదా అత్తయ్యా" అని నవ్వింది నాగదుర్గ.

కూతురు రాణి పక్కనే కూర్చుని తన పువ్వు తను చేసుకుంటోంది. పారేసే వస్తువులతో పిల్లలే ఏదైనా చేసి స్కూల్ ఎగ్జిబిషన్‌కి తేవాలట. దాని పువ్వుకి ఒక రేకు పొడుగు, ఇంకోటి పొట్టి.

"అమ్మా, ఈ ఒక్క రేకూ నువ్వు చెయ్యవే."

"నీ చేత్తో చేస్తేనే నీది. వంకరైతే మాత్రం పువ్వు కాదా?"

తొమ్మిదో తరగతిలోనే చదువు ఆగిపోయిన మనిషి నాగదుర్గ. సాయం చేస్తే పిల్లకి పని రాదేమోనని బెంగ, చెయ్యకపోతే వెనకబడుతుందేమోనని ఇంకో బెంగ.

ఆ వారమే ఎదురింటి హైమగారు వచ్చారు. "దుర్గా, మా హాల్లో షోకేస్ బోసిగా ఉందమ్మా. ఒక తామర చేసిపెట్టవూ?"

హైమగారి అమ్మాయి ఫణిశ్రీ, రాణి ఒకే క్లాసు. రాణికి జ్వరమొచ్చినప్పుడు స్కూటీ మీద ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆవిడే. కాదనడానికి నోరెలా వస్తుంది? ఎన్నడూ చెయ్యనంత శ్రద్ధగా చేసింది నాగదుర్గ.

ఎగ్జిబిషన్ రోజు ఆ తామర స్కూలు టేబుల్ మధ్యలో కనిపించింది. ఫస్ట్ ప్రైజ్. కింద ఫణిశ్రీ పేరు. రాణి పువ్వు ఎక్కడో చివర, ఎవరిదో థర్మోకోల్ ఇంటి వెనక ఉంది.

రాణి అమ్మ చెయ్యి వదిలేసింది. "నాకు చెయ్యనన్నావు. దానికి చేశావా?"

"లేదమ్మా, వాళ్ల షోకేస్‌కని..."

"అబద్ధం."

హైమగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "ఏమీ అనుకోకు దుర్గా. అందరిళ్లలోనూ తల్లులే చేస్తున్నారు. రాణికీ నువ్వే చెయ్యాల్సింది, ఎవరొద్దన్నారు?"

"షోకేస్‌కన్నారు కదండీ! నా కూతురి ముందు నన్ను దొంగని చేశారు."

ప్రైజు కప్పు పట్టుకున్న ఫణిశ్రీ ఏడుపు మొహంతో అంది: "ఆంటీ, నేనూ బంతిపువ్వు చేశానండి. బాలేదని అమ్మ చెత్తబుట్టలో పడేసింది."

అటు తిరిగి నిలబడ్డ రాణి ఇటు తిరిగింది. "బంతిపువ్వా? రేకులు నిలబడ్డాయా?"

"సగం ఊడిపోయాయి."

"నాకూ ఊడాయి."

నాగదుర్గ నేరుగా ఎగ్జిబిషన్ చూసుకుంటున్న శ్రీరామమూర్తి మాస్టారి దగ్గరికెళ్లి, ఆ తామర తను చేసిందని చెప్పేసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడగానే తెలుస్తుందమ్మా. ఇక్కడ పిల్లలు చేసినవెన్నో, పెద్దలు చేసినవెన్నో మాకూ తెలుసు. స్టాల్ బాగుంటే స్కూలుకి పేరొస్తుందని మేమూ ఊరుకున్నాం. తప్పు మాది కూడా."

ఆయన వచ్చి తామరని టేబుల్ మీంచి తీయించారు. హైమగారు తలెత్తలేదు. ఇంటికెళ్లే దారిలో రాణి అమ్మ చెయ్యి పట్టుకోలేదు. ఫణిశ్రీతో కలిసి ముందు నడిచింది. వెనక నడుస్తున్న నాగదుర్గకి ఆ కాస్త దూరం చాలా పెద్దదిగా తోచింది.

తల్లులారా, పిల్లల పని మనం చేసి గెలిపించిన ప్రతిసారీ, తమ చేతులు పనికిరావని మనమే వాళ్లకి నేర్పుతున్నాం.