చూరు పాట మూడో చరణం

ఇంద్రసేన పాడే చూరు పాటకు మూడు చరణాలు. నేను విన్నవి రెండే. ఆరుసార్లు విన్నాను, ఆరుసార్లూ రెండే. ఇలాంటి దరిద్రం పగవాడికి కూడా వద్దు.

మొదటిసారి నారాయణగూడలో ఓ పెళ్ళివారింట. రెండో చరణం అయిందో లేదో, పెళ్ళికూతురి మేనమామ మైకు లాక్కుని, పోయిన గొడుగు గురించి ప్రకటన చేశాడు. రాంనగర్‌లో కరెంటు పోయింది. చిక్కడపల్లిలో ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి, పాట ఆపించి మరీ పాట గొప్పతనం మీద ఉపన్యసించాడు. మిగతా మూడుసార్లూ చీటీలు. ఈ చీటీల ఆచారం కనిపెట్టినవాడు దొరికితే నాలుగు అంటించాలని ఉంది. కింద కూర్చున్నవాళ్ళు తమకు కావలసిన సినిమా పాట పేరు కాగితం ముక్క మీద రాసి పైకి పంపుతారు. ఆ ముక్కలు గుట్టపడగానే కమిటీవాళ్ళు పాడేవాడి చెవిలో ఏదో ఊదుతారు. ఇంకేముంది, సొంత పాట సగంలో చస్తుంది, సినిమా పాట లేస్తుంది.

ఇంద్రసేన అడిక్‌మెట్‌లో ఉంటాడు. పగలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. పాట తనే రాసుకుని, బాణీ తనే కట్టుకుని, హార్మోనియం పెట్టుకుని పాడతాడు. రేడియోలో రాడు, రికార్డు లేదు. వినాలంటే పందిట్లోకి వెళ్ళాల్సిందే.

"ఆయన్ని ఓసారి ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఆ మిగిలిన ముక్క పాడించుకోరాదటండీ?" అంటుంది మా ఆవిడ వేదవతి.

"అదేమన్నా ట్యూషనా? పాట పదిమందిలో వినాలి."

"ఆ పదిమందే కదా మిమ్మల్ని విననివ్వందీ!"

నిజమే. అందుకే మరింత ఒళ్ళు మండింది.

పోయినేడాది గొడవలతో, కర్ఫ్యూలతో అశోక్ నగర్‌లో శ్రీరామనవమి పందిరే వేయలేదు. ఈ ఏడు వేస్తున్నారు. నేను పట్టుబట్టి కమిటీలో చేరాను, పట్టుబట్టి ఇంద్రసేనను పెట్టించాను. నవమికి నాలుగు రోజుల ముందు చిక్కడపల్లి చౌరస్తాలో అతనే ఎదురయ్యాడు.

"విశ్వనాథం గారూ, గీ ఒక్కసారి చూస్త," అన్నాడు. "ఒక్కడన్న నా పాట అడిగితే సరే. లేకుంటే పెండ్లిళ్ళ పార్టీల చేరుత. సినిమా పాటలు పాడుమని ఎన్నడో పిలిచిన్రు. ఇగ నాతోని కాదు."

"అదేం మాటయ్యా! నీ పాటలో?"

"నా పాటలు నాకు యాదికుంటయి. చాలదా?"

చాలదు. నాకు చాలదు. మర్నాడు ఆఫీసులో కూర్చుని, ఫైళ్ళు పక్కకు నెట్టి, పద్నాలుగు చీటీలు రాశాను. కొన్ని ఎడమచేత్తో, కొన్ని పెన్సిలుతో, కొన్ని గుండ్రంగా, కొన్ని కోడి గీకినట్టు. రాంనగర్ నుంచి విద్యావతి, హైదర్‌గూడ మిత్రబృందం, అడిక్‌మెట్ విద్యార్థులు... అందరూ కోరేది ఒక్కటే, చూరు పాట. ఇరవై ఏళ్ళ గుమాస్తాగిరీలో ఇంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

నవమి సాయంత్రం పందిరి నిండింది. ఇంద్రసేన తన పాటలు రెండు పాడాడు. పాటకూ పాటకూ మధ్య మైకుసెట్టు ఈరన్న సినిమా రికార్డు పెట్టాడు. ఈ ఈరన్న నా పాలిటి శని. ఊళ్ళో ప్రతి పందిట్లోనూ వాడి లౌడ్‌స్పీకర్లే, ప్రతి పాట తోకా తెగేది వాడి రికార్డుతోనే. ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. "జర సైసుండ్రి సార్, జనం అడుగుతున్రు" అనేవాడు.

నేను అటునుంచి ముగ్గురిచేత, ఇటునుంచి నలుగురిచేత చీటీలు పంపించాను. కార్యదర్శి కిషన్ రావు అవన్నీ విప్పి చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అరె, మీ పాటగాడికి పబ్లిక్‌ల గింత డిమాండ్ ఉన్నదా! అందరు గా చూరు పాటనే అడుగుతున్రు."

"మరే! ఇప్పుడే పాడించండి."

"ఇప్పుడా? పిస్స లేసిందా? డిమాండ్ ఉన్న పాట ఆఖర్న పెట్టాలె. లేకుంటే పబ్లిక్ లేచిపోతది."

తల బాదుకోవాలనిపించింది. మన పందిళ్ళలో ఆఖరు అంటే ఏమిటి? వడపప్పు, పానకం! నా చేతులతో నేనే నా పాటను తీసుకెళ్ళి పానకం బిందె పక్కన కూలేశాను.

అనుకున్నంతా అయింది. ఎనిమిదిన్నరకు ఇంద్రసేన చూరు పాట ఎత్తుకున్నాడు, ఆ వెనకే వడపప్పు గంగాళం కదిలింది. జనం మొత్తం లేచారు. మొదటి చరణంలోనే కిషన్ రావు నా చేతిలో పానకం బకెట్టు పెట్టాడు. "మీరు గూడ కమిటీ మెంబరే గద!" అవును, మెంబర్నే. పట్టుబట్టి చేరాను. రెండో చరణం గ్లాసుల చప్పుడులో సగం వినిపించింది. అప్పుడు సుబ్బలక్ష్మి గారని ఓ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, పానకంలో మిరియం ఎక్కువైందనీ, తమ బందరులో ఇలా చేయరనీ మొదలుపెట్టింది. నేను వదిలించుకుని తిరిగేసరికి ఇంద్రసేన హార్మోనియం మూస్తున్నాడు.

ఏడోసారి!

కోపం ఎవరిమీద చూపించాలో తెలియక ఈరన్నవైపు చూశాను. ఆంప్లిఫయర్ పక్కన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. రికార్డు కూడా పెట్టలేదు. పనిలో నిద్రపోతున్నాడు వెధవ అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఇంద్రసేన మా ఇంటికొచ్చాడు. చీటీలు బల్లమీద పేర్చాడు.

"ఇవి మీరు రాసినవే గద సార్?"

"నేనా? ఛ!"

"అన్నిటికి పైన తారీఖు ఏసిన్రు. కింద 'తగు చర్య నిమిత్తం' అని రాసిన్రు. పాట అడిగేటోడు గట్ల రాస్తడా?"

లోపల వేదవతి నవ్వు వినిపించింది. సిగ్గుతో చచ్చాను. ఇక అయిపోయింది, పెళ్ళిళ్ళ పార్టీలో చేరతాడు, చూరు పాట కాటికి పోతుంది అనుకున్నాను. అతను మాత్రం జేబులోంచి ఇంకో కాగితం తీశాడు.

"పద్నాలుగు మీయి. ఇది మీది కాదు."

రికార్డు కవరు చింపిన ముక్క. లావాటి అక్షరాలు. "చూరు పాట పాడుండ్రి. మూడో చరణం జర నిమ్మళంగ పాడుండ్రి. పోయినసారి ఉరికించిన్రు. ఇట్లు, ఈరన్న, మైకుసెట్టు."

"మూడో చరణం వాడెప్పుడు విన్నాడు?" అని అరిచాను.

"ఏడ పాడినా మైకు పెట్టేది ఆయనే గద. జనం రాకముందే నన్ను పట్టి టెస్టింగ్ అని మొత్తం పాడిస్తడు. మైకు కోసమనుకున్న." ఇంద్రసేన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పార్టీల చేరుతలేను సార్. అడిగినోడు ఒక్కడు చాలన్న గద."

అతను వెళ్ళగానే చొక్కా వేసుకుని నారాయణగూడ పోయాను. ఈరన్న దుకాణం ముందు కూర్చుని వైరు చుడుతున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, మళ్ళీ తిట్టడానికి వచ్చాననుకున్నాడేమో.

"ఏం తప్పయింది సార్? నిన్న రికార్డు గూడ పెట్టలే."

"చూరు పాట మూడో చరణం నీకు వచ్చా?"

అతను అటూ ఇటూ చూశాడు. వైరు పక్కన పెట్టాడు. బొంగురు గొంతుతో, రిక్షా గంటల మధ్య, మెల్లిగా అందుకున్నాడు.

"వాన వెలిసింది, ఎవరి దారిన వాళ్ళు పోయినారు,
చూరు మాత్రం ఇంకా కారుతోంది, చుక్క చుక్క చుక్క..."

శ్రుతి ఎక్కడా నిలవలేదు. తాళం సగంలోనే తప్పింది. మామూలుగా అయితే అక్కడికక్కడే చెప్పేవాణ్ణి. వైరు చుట్ట పక్కకు జరిపి అక్కడే కూర్చున్నాను.

"ఇంకోసారి పాడన్నా," అన్నాను చివరికి. "జర నిమ్మళంగా."