కాలనీకి నీళ్ళొచ్చాయి

గ్రామసభకి ఖాళీ బిందెలు పట్టుకుని వెళ్దామన్నది క్యాథరిన్. బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. పిల్లల పప్పుకీ అన్నానికీ దూరాన పారే గెడ్డ నుంచి నీళ్ళు మోసి మోసి ఆమెకి మెడ పట్టేసింది.

అరకు పోయే దారిలో, కొండ అడుగున కట్టిన కాలనీ అది. మీదున్న ఊటే దానికి దిక్కు. ఊట దగ్గర సిమెంటు ట్యాంకు, అక్కణ్ణుంచి కాలనీకి గొట్టం. కొండ నడుమ టెంట్ల రిసార్టు వెలిసిన దగ్గర్నుంచీ కుళాయిలు సన్నగిల్లాయి. ఈ వేసవికి తిప్పితే గాలి తప్ప మరేమీ రావడం లేదు.

సభలో సర్పంచి సత్యకుమారి ఓ వారగా తలొంచుకుని కూచుంది. మాట్లాడిందంతా ఆమె మొగుడు వరహాలరావు.

"ఊట ఎండిపోనాది. దేవుడియ్యని నీళ్ళు పంచాయతీ ఎక్కణ్ణుంచి తెస్తాది?" అన్నాడు.

క్యాథరిన్ లేచి నిలబడింది. "ఊట ఎండిపోతే, మీద టెంట్ల కాడ గడ్డికి పొద్దస్తమానం నీళ్ళెలాగ జల్లుతున్నారు బాబూ?"

జనం పకాలుమన్నారు. ఆడవాళ్ళు బిందెలు దబదబా వాయించారు. వరహాలరావు మొహం గంటుపెట్టుకుని మైకు కట్టేశాడు.

బయటికొచ్చాక ఎలీయేజరు ఆమె తల నిమిరాడు. ఆమె మొగుడు జాకబ్‌కి సొంత చిన్నాన్న, చర్చిలో సంఘపెద్ద. "మా కోడలు మగోళ్ళకన్నా నయం" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఆదివారం ఆరాధన కాగానే ఆడా మగా అందరూ కొండెక్కారు. ట్యాంకు అడుగుకంటా లావుపాటి కొత్త గొట్టం బిగించి ఉంది. అది తిన్నగా రిసార్టులోకి పోతోంది. కాలనీ గొట్టం ఉన్నదేమో పైన. నీళ్ళు అంతెత్తుకి ఎక్కితే కదా దిగడానికి.

"ఏటి సూస్తారు? కోసీండి" అన్నాడు ఎలీయేజరు.

జాకబ్ తాపీ మేస్త్రీ. రంపం చేతికిస్తే కోసి, మిగిలిన మొనకి చెక్క బిరడా దిగ్గొట్టాడు. ఆ అలికిడికి రిసార్టు కాపలా మనిషి అప్పన్న కేకలేసుకుంటూ పరిగెత్తుకొచ్చి, తడి బండ మీద కాలు జారి పడ్డాడు. చెయ్యి విరిగింది. జాకబే తన తువ్వాలుతో ఆ చేతికి కట్టు కట్టి, అతన్ని వీపున వేసుకుని రోడ్డు దాకా దించాడు.

ఆ సాయంత్రం కాలనీలో కుళాయిలు బుసకొట్టుకుంటూ పారాయి. ముసలమ్మలు కూడా వీధిలో నిలబడి తలంట్లు పోసుకున్నారు.

మర్నాడు పోలీసులొచ్చి జాకబ్‌ని జీపెక్కించారు. కాపలా మనిషిని చంపబోయి బండ మీంచి తోసేశాడని కేసు. రిసార్టువాళ్ళు తమ గొట్టం మళ్ళీ బిగించుకున్నారు, కుళాయిలు మళ్ళీ ఎండిపోయాయి.

క్యాథరిన్ గడప గడపకీ తిరిగింది. "అప్పన్న జారిపడ్డం మీరందరూ సూసారు. స్టేషన్‌కొచ్చి ఆ ముక్క సెప్పండి."

"సెప్పమా మరి? నానొస్తాను ఒదినా, ఎందుకేడుస్తావు" అంది పక్కింటి చిన్నమ్మలు. అందరూ అదే మాటన్నారు. కానీ వెళ్దామన్న రోజున ఒకరికి జ్వరం, ఇంకొకరికి డుంబ్రిగుడ సంత. చిన్నమ్మలు తలుపే తియ్యలేదు.

అదెందుకో శనివారం తెలిసింది. చర్చిలో కూడమని కబురొచ్చింది. వరహాలరావు చెప్పులు బయట విప్పి, వినయంగా వచ్చి నిలబడ్డాడు. రిసార్టువాళ్ళు తమ ఖర్చుతో కాలనీకి బోరు వేసి, మోటారు పెట్టి, వీధివీధికీ కుళాయి ఇస్తారట. గొట్టం సంగతిలో కాలనీకి సంబంధం లేదనీ, అది జాకబ్ ఒక్కడి పనేననీ పెద్దలు చెబితే చాలట. చెప్పకపోతే కేసులో అందరి పేర్లూ ఎక్కుతాయట.

అతను వెళ్ళాక ఎలీయేజరు గొంతు సవరించుకున్నాడు.

"జాకబ్ నాకు కొడుకునాంటోడు. అయినా పిల్లగుంటల్నీ ముసలోళ్ళనీ సూసుకోవాల కదమ్మా. ఒక్కడి గురించి ఊరంతా ఎండిపోవాలా?"

"కోసీమన్నది నువ్వే కదా మావా."

క్యాథరిన్ అక్కడితో ఊరుకోలేదు.

"యేసుని అప్పగించేసిననాడు పెద్దలు కూడా ఇలాగే అనుకున్నారు. ఏటేటా మంచి శుక్రవారం నాడు మాకది సదివి సెప్పేది నువ్వే."

చిన్నమ్మలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, ఒప్పుకుంటున్నామని అందరితో పాటు చెయ్యెత్తింది.

బోరు పడింది. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. ప్రారంభానికి ఫ్లెక్సీ కట్టారు, సత్యకుమారి రిబ్బను కత్తిరించింది, ఎలీయేజరు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. క్యాథరిన్ ఆ పూట బిందె చంకనెత్తుకుని గెడ్డకే వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గుమ్మంలో నిండు బిందె ఉంది. చిన్నమ్మలుదని సొట్ట చూసి గుర్తుపట్టింది. ముట్టుకోలేదు. రెండ్రోజులకి అందులో దోమలు చేరితే తనే తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో పెట్టేసింది. బడిలో మాత్రం ఆ బోరు నీళ్ళతోనే వండక తప్పలేదు. పిల్లలేం చేశారు పాపం.

బెయిలు రాలేదు. నెల తిరిగాక విశాఖపట్నం జైలుకి చూడ్డానికి వెళ్ళింది. ఇనుప జాలీ అవతల జాకబ్ చెంపలు పీక్కుపోయి, గడ్డం మాసి, వేరే మనిషిలా ఉన్నాడు. ఆమెని చూడగానే మొదట అడిగిన మాట:

"నీళ్ళొస్తన్నాయా?"

"ఒస్తన్నాయి."

"నిజంగా? అందరికీనా?"

"అందరికీ. పొద్దూ, సాయంత్రమూ."

అతను నవ్వాడు. పక్కనున్న ఖైదీకి కూడా చెప్పాడు, మా కాలనీకి నీళ్ళొచ్చాయని. తర్వాత ఇటు తిరిగి, "సిన్నాన్న నా గురించి తిరుగుతున్నాడా? మనోళ్ళు సాచ్చికం సెప్పారా?" అన్నాడు.

రాత్రి బస్సులో వస్తూ క్యాథరిన్ అన్నీ చెప్పేయాలనే అనుకుంది.

"సెప్పారు" అంది. "సిన్నాన్నకి నువ్వంటే మరీ బెంగ. నీకోసం చర్చిలో ప్రార్థన పెట్టినాడు."

"నాకు తెలుసు" అన్నాడు జాకబ్. "మనోళ్ళు నన్నలా ఒగ్గెయ్యరు."

చిన్నమ్మలు ఎలాగుందని అడిగాడు. వెనక వీధివాళ్ళని అడిగాడు. ఒక్కొక్కరి పేరూ తలుచుకుని అడుగుతూనే ఉన్నాడు. బాగున్నారు, బాగున్నారు అని ఆమె చెబుతూనే ఉంది, సిపాయి వచ్చి టైమైపోయిందనేదాకా.