వాకిలి పాట

మా తోటికోడలికి ఉద్యోగం ఇప్పించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో తెలియనివాళ్ళు నన్ను చూస్తే చాలు.

నేను పనిచేసేది పాత పాటలను భద్రపరిచే ఆఫీసులో, నేలకింద గదిలో. కిటికీ ఉండదు. పాత రికార్డులను కడిగి, ఆరబెట్టి, సూది కింద పెట్టి, వాటి ధ్వనిని కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. ఆ తరువాత అందులోని గరగరలూ టిక్కుటిక్కులూ ఏరి పారేస్తాను. ఏళ్ళ తరబడి ఇదే పని. పాట విన్నవాళ్ళు పాడినవాళ్ళను మెచ్చుకుంటారు. గరగర లేదని ఎవరు మెచ్చుకుంటారు? బియ్యంలో రాయి తగిలితే వంటమనిషిని తిడతారు గానీ, తగలకపోతే ఎవరూ పిలిచి దండ వెయ్యరు.

అప్పుడు వచ్చింది వాకిలి. దేశంలోని సంగీత భాండాగారాలన్నిటినీ కలిపి ఒక వెబ్‌సైటు చేస్తున్నారు. పెద్దలు దానికి నోరు తిరగని పేరొకటి పెట్టారు, మేమంతా వాకిలి అంటాం. రికార్డులు, టేపులు, వాయిద్యాల ఫోటోలు, చేతితో రాసుకున్న స్వరాలు, ఏ మూల గదిలో ఏ పెట్టెలో మగ్గుతున్నా సరే, ఇక ఎవరైనా ఇంట్లో కూర్చునే వినవచ్చు, చూడవచ్చు. తెరవగానే ముందుగా ఒక పాట వినిపించాలని నిర్ణయించారు. ఆ పాట కింద పాడినవాళ్ళ పేరు ఉంటుంది, దాని పక్కనే ఆ రికార్డును బాగుచేసినవాళ్ళ పేరు. ఆ రెండో పేరు నాది కావాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

వాకిలి పనికి మనుషులు చాలడం లేదంటే, ఇంట్లో ఖాళీగా ఉన్న మా మరిది భార్యను తీసుకెళ్ళి డైరెక్టరుగారి ముందు నిలబెట్టాను. పాటల గురించి నాలుగేసి వాక్యాలు రాసిపెట్టే పని. ఏకై వచ్చి మేకై కూర్చోవడానికి ఆమెకు ఎంతోకాలం పట్టలేదు. రాయాలంటే వినాలి కదా అంది. వినాలంటే ఆ రికార్డులెలా ఎక్కిస్తారో తెలియాలి కదా అంది. ఒకరోజు చూద్దును కదా, నా గదిలో, నా కుర్చీకి ఆనించి ఇంకో కుర్చీ వేసి ఉంది.

ఇంట్లో కూడా ఇంతే. మా అత్తగారు నా టీ తాగి, "ఊఁ, వేడిగానే ఉంది" అంటారు. మా తోటికోడలు పెట్టిన టీ తాగి హాయిగా కళ్ళు మూసుకుంటారు. నేను ఇల్లంతా తుడిస్తే కనపడదు, ఆమె ఒక్క పువ్వు తెచ్చి గ్లాసులో పెడితే వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. "దానికి చెయ్యి మంచిదే" అని పొగుడుతారు. మా ఆయనతో చెప్పుకుంటే, "పోనీ నువ్వూ ఓ పువ్వు పెట్టు" అన్నాడు. ఆ రోజు ఆయనకు టీ లేదు.

ఇక అసలు సంగతి. వాకిలి పాట కోసం వెతుకుతుంటే నాకొక రికార్డు దొరికింది. ఎప్పుడో ఎవరో యంత్రం మోసుకెళ్ళి ఇంటింటికీ తిరిగి పాటలు పట్టిన రోజులది. బట్టలు ఉతుకుతూ పాడుకునే పాట, పాడింది ఒక పడుచుపిల్ల. ఆ గొంతు విన్నాక చేతిలో ఉన్న గుడ్డ అలాగే ఉండిపోయింది నాకు. నీళ్ళు, ఎండ, తిట్టే అత్త, పారిపోయే సబ్బు, అన్నీ ఉన్నాయి ఆ పాటలో. ఇదే, ఇదే వాకిలి పాట అనుకున్నాను.

పాట వెంట సన్నగా టిక్, టిక్ అని ఒక చప్పుడు. రికార్డు మీద అడ్డంగా గీత పడితే అలాగే వస్తుంది, తిరిగిన ప్రతిసారీ సూది దాన్ని తగిలి టిక్కుమంటుంది. తీసేయడానికి సిద్ధమయ్యాను.

"అక్కా, అది తియ్యకు" అంది పక్క కుర్చీ.

"ఏం?"

"అది గీత కాదనిపిస్తోంది. వెనక ఎవరో కొడుతున్నారు."

"దయ్యాలా?"

ఆమె నవ్వలేదు. "పాట ఊపందుకున్నప్పుడు ఆ టిక్కు కూడా తొందరపడుతోంది, విను. రికార్డు తిరిగేది ఒకే వేగం కదక్కా. గీత అయితే ఎందుకు తొందరపడుతుంది?"

నిన్నగాక మొన్న వచ్చింది. సూది ఎటు తిప్పాలో నేను నేర్పాను. నాకు చెబుతోంది. ఒళ్ళు భగ్గుమంది నాకు.

"తల్లీ, నేను ఈ గదిలో ఉద్యోగంలో చేరినప్పుడు నువ్వు పలక పట్టుకుని తిరుగుతున్నావు. నీకు తియ్యడం ఇష్టం లేకపోతే నువ్వొకటి చేసుకో."

మళ్ళీ ఒక్కసారి వింటే సరిపోయేది. వినలేదు. వింటే ఆమె చెప్పింది నిజమవుతుందేమోనని వినలేదు. ఏ టిక్కునీ వదలకుండా గీరి పారేశాను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఆమె మీది కోపమంతా ఆ రికార్డు మీద చూపించాను. పాట కడిగిన అద్దంలా వచ్చింది. ఆమె కూడా నిజంగానే తనొకటి చేసుకుంది, గరగర మాత్రం తగ్గించి, టిక్కును అలాగే ఉంచి.

డైరెక్టరుగారు మీటింగులో రెండూ వినిపించారు. నాది విన్నాక, "ఇది. నిన్న పాడినట్టుంది" అన్నారు. అందరూ తలలూపారు. మా తోటికోడలు కూడా ఊపింది. వాదిస్తుందేమోనని కాచుకుని కూర్చున్నాను. వాదించకపోయేసరికి ఇంకా మండింది. గెలిచినప్పుడు ఎదుటివాళ్ళ మొహం కాస్తయినా వాడకపోతే గెలిచినట్టే ఉండదు.

పాడినావిడ ఇంకా బతికే ఉన్నారని తెలిసింది. ఆవిడకు ఒకసారి వినిపించి, సరేననిపించుకుంటే వాకిలి తెరవచ్చు. మా తోటికోడలు తనూ వస్తానంది. "నీకు బస్సు పడదుగా" అన్నాను. "ఇప్పుడు పడుతోందక్కా" అంది. "సీటు దొరకదులే" అన్నాను.

ఆవిడ ఇల్లు ఒక కుట్టుమిషన్ల దుకాణం పైన, మూడో అంతస్తులో. కోడలు తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, తన పనిలో పడింది. పెద్దావిడ వసారాలో, ఆరేసిన దుప్పట్ల మధ్య చేతుల కుర్చీలో కూర్చుని ఉంది. పిడికెడంత మనిషి. చూపు పోయిందట గానీ చెవులు పాముచెవులు.

"మీ పాట తెచ్చాను బామ్మగారూ. దేశమంతా వినబోతోంది."

"దేశానికి పనేం లేదా?" అంది, మొహం మాత్రం విచ్చుకుంది.

చిన్న స్పీకరు ఆవిడ పక్కన పెట్టి నాది వినిపించాను. ఆవిడ కుర్చీ చేతి మీద వేళ్ళు ఆడించడం మొదలుపెట్టింది. కాసేపటికి వేళ్ళు తడబడ్డాయి. ఆగిపోయాయి.

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాను. ఈసారి వేళ్ళు కదలనే లేదు.

"గొంతు నాదే" అంది. "మా తోటికోడలు ఏది?"

నేను స్పీకరు మీద లేని దుమ్ము తుడిచాను.

"ఆవిడ కూడా పాడారా?" అన్నాను ఏమీ ఎరగనట్టు.

"దాని మొహం, దానికి పాటెక్కడిది? కొట్టేది. వేలికున్న ఉంగరంతో పీట మీద కొట్టేది. ఆ యంత్రంవాళ్ళు నన్ను పాడమంటే, నేను తాళం వేస్తానని తయారైంది. పక్కన కూర్చుంటే దాని మోతే పడుతుందని, గది చివర తలుపు దగ్గర కూర్చోబెట్టాను. అక్కణ్ణుంచే కొట్టింది, మొండిది. ఏది అది? ఎక్కడ పోయింది?"

"పాత రికార్డు కదండీ... కొన్ని చప్పుళ్ళు..."

"చప్పుడు కాదమ్మా అది. మా తోటికోడలు."

"మీకు ఆవిడంటే బాగా ఇష్టమా?"

"ఇష్టమా? దాని పొడ గిట్టేది కాదు నాకు. మా అత్తకు అదే ముద్దు. అది నవ్వితే ఇల్లంతా నవ్వేది, నేను నవ్వితే ఏమైందని అడిగేవారు." ఆవిడ చీర కొంగుతో పెదవులు తుడుచుకుంది. "కానీ అది కొట్టకుండా నేను ఏనాడూ పాడలేదు. నాకు తాళం నిలవదు, పరిగెత్తేస్తాను. నేను పరిగెత్తితే అదీ వెనకాలే వచ్చి పట్టుకునేది. పాడిన పేరు నాకొచ్చేది. అది లేకుండా పెట్టేటట్టయితే నా పాట పెట్టనే పెట్టొద్దు."

దుప్పట్ల నీళ్ళు నేల మీద చుక్కచుక్కగా పడుతున్నాయి. వాకిలి పాట చెయ్యి జారిపోతోంది, దాంతోపాటు నా పేరూ పోతోంది. నా దగ్గర రెండో ఫైలు కూడా ఉంది, డైరెక్టరుగారు రెండూ ఒకేచోట పెట్టి ఇచ్చారు. ఇంకేం చేయను? మా తోటికోడలు చేసింది పెట్టాను.

సన్నగా టిక్, టిక్ అని మొదలైంది. పెద్దావిడ వేలు లేచింది. కుర్చీ చేతి మీద పడింది, మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. పాట ఊపందుకుంది, టిక్కూ ఊపందుకుంది, వేలూ ఊపందుకుంది. ఆఖరి చరణానికి ఆవిడ బోసినోటితో గొంతు కలిపింది. అప్పుడు నేను కూడా విన్నాను. ఇన్నాళ్ళూ ఈ చెవులు పెట్టుకుని దేనికి జీతం తీసుకుంటున్నానా అనిపించింది.

"ఇదీ" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకోకుండానే. "దొంగముండ, తలుపు దగ్గర్నుంచే ఎలా కొట్టిందో చూడు. ఇది బాగుచేసింది ఎవరు, నువ్వేనా?"

నేనే అనేస్తే సరిపోతుంది. మాట నాలుక చివరికి వచ్చింది కూడా. ఆవిడకు చూపు లేదు, కోడలు లోపలుంది. ఆఫీసుకెళ్ళి, ఆవిడ అడిగితే నేనే సరిచేశానని చెప్పి, కావాలంటే అసలు రికార్డు నుంచి మళ్ళీ నా చేత్తోనే తీసుకోవచ్చు. మా తోటికోడలు నోరు మెదపదు, ఆ సంగతి నాకు తెలుసు. మీటింగులో తలూపినట్టే ఊపుతుంది. ఊపుతుందనే నాకు ఏడుపొచ్చింది.

"నేను కాదు" అన్నాను.

"మరెవరు?"

"మా తోటికోడలు."

ఆవిడ నా వైపు మొహం తిప్పింది. నవ్వడం మొదలుపెట్టింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. కోడలు లోపలినుంచి తొంగిచూసి వెళ్ళింది.

"ముందు పెట్టింది నీదా?"

"ఊఁ."

"మరి దానిదే బాగుందని దానితో చెప్పావా?"

"లేదు."

"నేనూ చెప్పలేదు. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే ఉన్నాను, మొన్న వానాకాలంలో అది పోయింది. ఇప్పుడు ఎవరితో చెప్పను, ఈ కుర్చీతోనా? ఫోన్ ఉందిగా నీ దగ్గర. చెయ్యి."

చేశాను. మొదటి మోతకే ఎత్తింది, ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నట్టుంది.

"అక్కా, ఆవిడ ఏమన్నారు? సరే అన్నారా?"

"అన్నారు. నీది సరే అన్నారు. అది గీత కాదు, వెనక నిజంగానే మనిషి ఉంది. వాకిట్లో నీదే పెడుతున్నాం, నీ పేరుతోనే." అక్కడ ఆపేసేదాన్నే. పెద్దావిడ ఇంకా చెవి అప్పగించి కూర్చుంది. "నాకన్నా నువ్వే బాగా చేశావు" అన్నాను.

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అక్కా" అంది, చిన్న గొంతుతో. "పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు" అన్నాను. "అయినా నేనే అంటున్నాను."